ఫైట్ బాగుపడింది, వెతుకులాట పోయింది: చిన్న టీముల మాన్‌స్టర్ గేముల గురించి

ముందు నా మాట చెప్పేస్తాను, వాదన తర్వాత. పోకెమాన్ బాటలో చిన్న చిన్న టీములు తయారుచేసిన మాన్‌స్టర్ గేములు, అంటే వింత జీవుల్ని పట్టుకుని టీమ్‌గా పెంచి కొట్లాడించే గేములు, ఫైట్ విషయంలో పోకెమాన్‌ని ఎప్పుడో దాటేశాయి. టెమ్‌టెమ్, కోరోమాన్, మాన్‌స్టర్ శాంక్చురీ, క్యాసెట్ బీస్ట్స్, వీటిలో ఏది ఆడినా కాసేపట్లోనే ఆ సంగతి తెలిసిపోతుంది. కానీ అవే గేములు చివరిదాకా ఆడినవాళ్ళని పట్టుకుని "నీ టీమ్‌లో ఏమేం ఉండేవి, ఏది ఎక్కడ దొరికింది?" అని అడిగి చూడండి, చాలామంది తడుముకుంటారు. చిన్నప్పుడు ఆడిన పోకెమాన్ సంగతి అడిగితే మాత్రం ఏ అడవిలో ఏది దొరికిందో ఇప్పటికీ గడగడా చెబుతారు. అదంతా చిన్ననాటి మోజు అని కొట్టిపారేసేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. తేడా గేముల తయారీలోనే ఉంది, ఎక్కడుందో వేలు పెట్టి చూపించొచ్చు.

దీని మీద ఇంత పట్టింపు ఎందుకంటే, మనలాంటివాళ్ళకి అందుబాటులో ఉన్నవి ఈ గేములే. కార్టూన్ నెట్‌వర్క్‌లో పోకెమాన్ చూసి పెరిగాం, ఇంజినీరింగ్ హాస్టల్లో ఎమ్యులేటర్ (పాత గేములని కంప్యూటర్‌లో నడిపే సాఫ్ట్‌వేర్) మీద, మొదటి పోకెమాన్‌కి కొత్త రూపమైన ఫైర్‌రెడ్ ఆడాం. ఉద్యోగం వచ్చి బెంగళూరులో దిగాక సొంత డబ్బుతో కొత్త పోకెమాన్ ఆడదామంటే నింటెండో స్విచ్ కావాలి. అది మన దేశంలో కంపెనీ తరఫున అమ్మకానికే రాలేదు, దొరికేదంతా దిగుమతి సరుకు, పాడైతే అడిగే దిక్కుండదు. పైగా గేములు ఒక్కోటీ వేలల్లో ఉంటాయి. మారతహళ్ళి పీజీలో ఉంటూ నెలనెలా ఇంటికి డబ్బు పంపేవాడు అంత పెట్టలేడు. అదే స్టీమ్ అనే ఆన్‌లైన్ గేముల కొట్లో అయితే యూపీఐతో కొనేయొచ్చు, సేల్ వచ్చినప్పుడు ఇవి వందల్లోనే దొరుకుతాయి, మామూలు ల్యాప్‌టాప్‌లో నడుస్తాయి, కొన్నయితే ఫోన్లో కూడా. అందుకే వీటిని పోకెమాన్‌కి నకళ్ళుగా కాకుండా, మనం నిజంగా ఆడే గేములుగా చూసి మంచీ చెడూ మాట్లాడుకోవాలి.

పెద్ద కంపెనీ ఏం చేస్తోందో ఒక్క ముక్కలో చెప్పి ముందుకెళ్తాను. 2022 నవంబర్ 18న వచ్చిన పోకెమాన్ స్కార్లెట్, వయొలెట్ మూడు రోజుల్లో కోటి కాపీలు అమ్ముడుపోయాయి. గేమ్ మాత్రం తడబడుతూ, బొమ్మలు గోడల్లోంచి దూరిపోతూ ఉండేది, చివరికి నింటెండోనే అప్‌డేట్ ఇస్తూ క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. కోరోమాన్, టెమ్‌టెమ్ పూర్తి వెర్షన్ వచ్చింది ఆ ఏడాదే. ఆ సమయంలో ఇటు మళ్ళినవాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళలో నేనూ ఉన్నాను.

ఇక మంచి. పోకెమాన్ ఫైట్‌లో చిన్నప్పటినుంచీ నన్ను విసిగించినవి రెండు. ఒకటి, ప్రతి దెబ్బకీ ఇన్నిసార్లే వాడాలని విడివిడిగా లెక్క ఉండటం, అది అయిపోతే ఊరికి పరుగెత్తాలి. రెండోది అదృష్టం: అన్నీ సరిగ్గా ఆలోచించి వేసిన దెబ్బ ఊరికే గురి తప్పుతుంది. టెమ్‌టెమ్ ఈ రెండిటినీ తీసేసింది. స్పెయిన్‌లోని క్రెమా అనే స్టూడియో చేసిన గేమ్ ఇది, 2018లో కిక్‌స్టార్టర్ సైట్‌లో జనం దగ్గర డబ్బు సేకరించి, 2020 జనవరిలో ఎర్లీ యాక్సెస్‌గా (అంటే పూర్తికాకముందే) వదిలి, 2022 సెప్టెంబర్‌లో పూర్తి చేశారు. ఇందులో ప్రతి మాన్‌స్టర్‌కీ స్టామినా ఉంటుంది. ఉన్నదానికి మించి ఖర్చుపెట్టొచ్చు, కానీ ఆ తేడా మన ఒంటి మీదే దెబ్బగా పడుతుంది, పైగా తర్వాతి వంతు కూర్చోవాలి. గురి తప్పడం అనేదే లేదు. ఫైట్లు ఎక్కువగా ఇద్దరికిద్దరు, కొన్ని దెబ్బలు ఒకట్రెండు వంతులు ఆగితేనే వాడనిస్తాయి, కొన్ని పక్కవాడి రకాన్ని (నిప్పు, నీరు లాంటివి) బట్టి బలం పుంజుకుంటాయి. ఇప్పుడు స్టామినా దాటి కొట్టి ఒక వంతు పోగొట్టుకోవాలా, ఒక్క వంతు ఊపిరి పీల్చుకుని గట్టిగా కొట్టాలా అని నిజంగా ఆలోచించాల్సి వస్తుంది. మా రూమ్మేట్ నెల్లూరు అబ్బాయి, ఆన్‌లైన్ పోటీలు ఎక్కువగా ఆడతాడు. వాడి మాట ఎప్పుడూ ఒకటే: "ఇందులో ఓడిపోతే తప్పు నాదే అన్నా, అదృష్టం మీద నెట్టేయడానికి లేదు." ఆ మాటకి నేను పూర్తిగా తల ఊపుతాను.

మాన్‌స్టర్ శాంక్చురీ ఫైట్ ఇంకా బాగుంటుంది. నా లెక్కలో ఈ కోవలో దాన్ని మించిన ఫైట్ లేదు. మోయ్ రాయ్ గేమ్స్ అనే బుల్లి టీమ్ చేసింది, 2020 డిసెంబర్‌లో పూర్తిగా వచ్చింది. పక్కనుంచి చూసే ప్లాట్‌ఫామ్ గేమ్, గోడలెక్కుతూ దూకుతూ తిరుగుతాం, ఫైట్ మాత్రం ముగ్గురికి ముగ్గురు. ఒక వంతులో మనవాళ్ళు వరసగా వేసే ప్రతి దెబ్బా కాంబోని పెంచుతుంది, తర్వాత వేసే దెబ్బ ఆ మేరకు బలపడుతుంది. దాంతో ఎవరు ముందు, ఎవరు చివర అన్నదే సగం ఆట అయిపోతుంది. చిన్న చిన్న దెబ్బలు ఎక్కువసార్లు వేసేవాడు ముందు దిగాలి, ఒకే ఒక్క పెద్ద దెబ్బ వేసేవాడు ఆఖరున రావాలి, మధ్యలో ఒకడు మనవాళ్ళ గాయాలు మాన్పుతూనే కాంబో పెంచాలి. ప్రతి మాన్‌స్టర్‌కీ సొంత స్కిల్ ట్రీ, అంటే ఒక్కో విద్యా ఎంచుకుంటూ పోయే పటం, ఉంటుంది. మొదట్లో దొరికిన సాదాసీదా జీవి కూడా సరైన జతగాళ్ళు దొరికితే చివరిదాకా పనికొచ్చేలా కట్టారు. పోకెమాన్‌లో మొదటి దారిలో దొరికే పిట్టనీ పురుగునీ రెండో ఊరు దాటగానే పక్కన పడేయడం మనందరికీ అలవాటే కదా. ఇక్కడ ఆ అవసరం రాదు. గెలిచాక ఎంత చక్కగా గెలిచామో చూసి స్టార్లు ఇస్తారు, స్టార్లు ఎక్కువైతే దొరికేవీ మెరుగవుతాయి. దాంతో చిన్న ఫైట్ కూడా నిద్రపోతూ నొక్కేసేది కాదు.

క్యాసెట్ బీస్ట్స్ ఇంకో దారి పట్టింది. ఇంగ్లండ్‌లోని బ్రైటన్‌లో ఇద్దరు కలిసి మొదలుపెట్టిన బిట్టెన్ స్టూడియో దీన్ని గొడో అనే గేమ్ తయారీ సాఫ్ట్‌వేర్ మీద కట్టింది, 2023 ఏప్రిల్‌లో వచ్చింది. నిప్పు మీద నీళ్ళు గెలుస్తాయి కాబట్టి దెబ్బ రెట్టింపు అనే పాత లెక్కని వీళ్ళు పక్కనపెట్టి, ఒక రకం ఇంకో రకాన్ని తాకితే నిజంగా ఏమవుతుందో అది జరిగేలా చేశారు. మంచు జీవిని నిప్పుతో కొడితే కరిగి నీటి రకంగా మారిపోతుంది, అంటే తర్వాతి దెబ్బ ఏం వేయాలో మళ్ళీ మొదటినుంచీ ఆలోచించుకోవాలి. ప్లాస్టిక్, గాజు కూడా ఇక్కడ రకాలే. పట్టిక బట్టీపట్టే పని తగ్గి, వంటింట్లో, లేబొరేటరీలో చూసిన సంగతులే పనికొస్తాయి. అంతా మొదట్లోనే అర్థం కాదు, ఆ మాట నిజమే, తెర మీద పడే గుర్తులు చూసి తికమకపడి వదిలేసినవాళ్ళు నాకు తెలుసు. కానీ ఒకసారి పట్టుబడ్డాక పాత పద్ధతికి వెళ్ళబుద్ధి కాదు. దీనికి తోడు ఏ రెండు మాన్‌స్టర్లనైనా ఫైట్ మధ్యలో కలిపేయొచ్చు. 14 వేలకు పైగా కలయికలు ఉన్నాయి, ప్రతిదానికీ సొంత బొమ్మ కదులుతూ వస్తుంది.

ఇంత మంచి చెప్పాక ఇక చెడు దగ్గరికి వస్తాను, ఎందుకంటే చెప్పాలనుకున్నది అదే.

పోకెమాన్‌ని తలపెట్టిన సతోషి తజిరి చిన్నప్పుడు పురుగులు పట్టుకునే పిల్లవాడు. టోక్యో పక్కన మచిదాలో పొలాలు, చెరువులు ఉండేవి, అవి తర్వాత ఇళ్ళ కింద పోయాయి, ఆ వెతుకులాట ఇప్పటి పిల్లలకి అందించాలన్నదే గేమ్‌కి మూలమని ఆయనే చెప్పుకున్నాడు. ఇది చదివినప్పుడు మా ఊరు గుర్తొచ్చింది. అనంతపురం జిల్లాలో తొలకరి పడగానే ఎర్రటి ముఖమల్ గుడ్డలాంటి ఆరుద్ర పురుగులు నేల మీదికి వచ్చేవి, ఆ కొద్ది రోజులు దాటితే మళ్ళీ ఏడాదిదాకా కనిపించవు. బంగారు పురుగు కావాలంటే తుమ్మచెట్టు దగ్గరికి వెళ్ళాలి, తెచ్చి అగ్గిపెట్టెలో పెట్టి తుమ్మాకే వేయాలి. ఎవడి అగ్గిపెట్టెలో ఏముందో బడిలో అందరికీ తెలిసేది. అంటే జీవి ఒక్కటే కాదు, దాని చోటు, దాని కాలం, అది దొరికిన తీరు, పక్కవాడికి చూపించుకున్న సంబరం, అన్నీ కలిస్తేనే అది "నాది" అయ్యేది.

1996లో వచ్చిన మొదటి పోకెమాన్‌లో గ్రాఫిక్స్ లేవు, బ్యాలెన్స్ లేదు, బగ్గులు బోలెడు. కానీ ఈ ఒక్క సంగతి ఉంది. పికాచు మొదట్లో ఒక్క అడవిలోనే, అదీ అరుదుగా తగులుతుంది. ఆబ్రా ఎదురుపడిన మొదటి వంతులోనే మాయమైపోతుంది, పట్టాలంటే ముందే ఆలోచించుకుని వెళ్ళాలి. స్నోర్లాక్స్ రోడ్డుకి అడ్డంగా పడుకుని గురక పెడుతుంటుంది, దాన్ని లేపే వేణువు తెచ్చుకుంటే తప్ప దారి లేదు. 1999లో గోల్డ్, సిల్వర్ వచ్చేసరికి గడియారం కూడా చేరింది, కొన్ని రాత్రి పూటే వస్తాయి. వీటిలో ఏ ఒక్కదానికీ పెద్ద ఖర్చు లేదు. ఆబ్రా పారిపోవడానికి ప్రత్యేకంగా ఏ బొమ్మా గీయలేదు, దానికి ఉన్నదల్లా మాయమయ్యే విద్య ఒక్కటే. అయినా ఫైర్‌రెడ్ ఆడినవాళ్ళలో ఆబ్రా ఎలా పట్టుకున్నామో చెప్పని మనిషి నాకు ఇంతవరకు తగల్లేదు.

ఈ ఇండీ (చిన్న సొంత టీముల) గేములు చేసినవాళ్ళంతా పోకెమాన్ అభిమానులే, కానీ వాళ్ళు తెచ్చుకున్న ఫిర్యాదులన్నీ పెద్దయ్యాక పోటీ ఆటలు ఆడుతున్నప్పుడు పుట్టినవి. అదృష్టం ఎక్కువ, లెక్కలు దాచిపెట్టారు, లెవెల్ పెంచడం విసుగు, ఇలాంటివి. వాటన్నిటికీ మంచి జవాబులే ఇచ్చారు. ఆ జవాబుల వల్లే కొన్నిచోట్ల జీవికీ మనకీ మధ్య ఉన్న ముడి తెగిపోయింది, అది వాళ్ళకి కనిపించలేదని నా అనుమానం.

కోరోమాన్ చూడండి. నెదర్లాండ్స్‌లోని ట్రాగ్‌సాఫ్ట్ చేసింది, బొమ్మలు ముద్దొస్తాయి, పజిళ్ళు పోకెమాన్ కంటే నయం, కష్టం ఎంత ఉండాలో మనమే ఎంచుకోవచ్చు, నజ్‌లాక్ (పడిపోయిన జీవిని మళ్ళీ వాడకూడదనే పద్ధతి) లాంటి కఠిన నియమాలు గేమ్‌లోనే పెట్టారు. అన్నీ బాగానే ఉన్నాయి. పోకెమాన్‌లో పుట్టుకతో వచ్చే సత్తువ తేడాలు దాచి ఉంటాయి, పిల్లలకి ఆ సంగతే తెలియదు. కోరోమాన్ దాన్ని బయటపెట్టింది: మామూలువి, పోటెంట్, పర్ఫెక్ట్ అని మూడు తరగతులు, తరగతిని బట్టి రంగు మారుతుంది, చూడగానే తెలిసిపోతుంది. న్యాయంగా చూస్తే ఇదే సరైన పద్ధతి. కానీ మా అక్క కొడుకు ఆడుతుంటే పక్కన కూర్చుని చూశాను. రామమూర్తి నగర్‌లో ఉంటారు వాళ్ళు, వాడు ఐదో తరగతి. మొదట పట్టుకున్న స్వర్మీకి బుజ్జి అని పేరు పెట్టుకున్నాడు, దాన్నే అన్ని ఫైట్లకీ దింపాడు. ఒకరోజు గడ్డిలో వేరే రంగు స్వర్మీ తగిలింది.

"మామా, ఇది పోటెంట్ అంట. బుజ్జి కంటే స్ట్రాంగ్ అవుతుందంట."

"పట్టుకో మరి."

"పట్టుకుంటే బుజ్జిని ఏం చేయాలి?"

ఉంచుకోరా, నీ ఇష్టం, అని చెప్పాను. ఉంచుకున్నాడు, కానీ కొన్నాళ్ళకి బుజ్జి టీమ్‌లో లేదు. వాడి తప్పేం కాదు, గేమ్ ప్రతి గడ్డి మలుపులోనూ "నీ దగ్గరున్నది రెండో రకం" అని రంగుతో చెబుతూనే ఉంటుంది. లెవెల్ పెరిగినకొద్దీ బలం ఎటు పంచాలో మనమే నిర్ణయించే చక్కటి పద్ధతి ఇదే గేమ్‌లో ఉంది, మనం పెంచిన జీవి మన చేతి గుర్తు మోయడానికి అదొక్కటే సరిపోయేది. మనం పెంచిన దాని బలం ఎప్పటికైనా పుట్టుకతో వచ్చిన బలాన్ని దాటగలిగితే బాగుండేది. పారదర్శకత నాకూ ఇష్టమే, కానీ ఐదో తరగతి పిల్లవాడికి మొదటి రోజే మార్కుల పట్టిక చూపించాల్సిన పని లేదు, కథ ముగిశాక పోటీలకి వెళ్ళేవాళ్ళకి చూపిస్తే చాలదా?

మాన్‌స్టర్ శాంక్చురీలో ఇబ్బంది ఇంకోలా ఉంటుంది. అక్కడ మనం కొట్లాడిన మాన్‌స్టర్ మనతో రాదు. ఫైట్ గెలిస్తే అదృష్టం బాగుంటే దాని గుడ్డు దొరుకుతుంది, ఆ గుడ్డు పొదిగితే దాదాపు మన టీమ్ లెవెల్‌కి దగ్గర్లోనే పుడుతుంది. పనికి భలే సౌకర్యం, కొత్తదాన్ని తెచ్చి వెంటనే టీమ్‌లో పెట్టొచ్చు. కానీ నన్ను ముప్పుతిప్పలు పెట్టి, ఆఖరి ప్రాణం మీద ఉన్నప్పుడు కూడా నా టీమ్‌లో ఒకణ్ణి పడగొట్టిన ఆ జీవి ఏమైంది? అది అక్కడే ఉండిపోయింది. నా చేతిలో ఉన్నది ఏ గతమూ లేని గుడ్డు. ఈ గేమ్‌ని కాపాడేది ఏంటంటే, ప్రతి మాన్‌స్టర్‌కీ తిరిగేటప్పుడు ఒక విద్య ఉంటుంది. ఒకటి మనల్ని గాల్లో తేల్చి తీసుకెళ్తుంది, ఇంకోటి గోడ బద్దలుకొడుతుంది, మరొకటి దారికి అడ్డంగా ఉన్న తీగల్ని కాల్చేస్తుంది. ఆ పైనున్న అరుగు ఎక్కలేక పదిసార్లు కిందపడ్డ చోటికి, తర్వాతెప్పుడో రెక్కలున్నవాణ్ణి తీసుకొచ్చి ఎక్కినప్పుడు వాడి మీద కలిగే అభిమానం వేరు. నాకు ఈ గేమ్‌లో గుర్తున్న మాన్‌స్టర్లన్నీ అలా దారి చూపించినవే, గెలిపించినవి కాదు.

టెమ్‌టెమ్ మీద నాకు కోపమే ఉంది, ఎందుకంటే ఎక్కువ ఆశ పెట్టినది అదే. పోకెమాన్ లోకంలో నిజంగా వేరే మనుషులు తిరుగుతుంటే ఎలా ఉంటుందన్న కలని వీళ్ళు చేసి చూపించారు. కథ మొత్తం స్నేహితుడితో కలిసి ఆడొచ్చు, నేనూ రూమ్మేటూ అలాగే మొదలుపెట్టాం, ఆ మొదటి దీవుల్లో గడిపిన వారాంతాలు ఈ కోవ గేముల్లో నాకు దక్కిన మంచి సమయం. కానీ ఎప్పుడూ నెట్ ఉండాల్సిందే. పీజీలో కరెంటు పోతే వైఫై పోతుంది, వైఫై పోతే ఆట పోతుంది. పండక్కి ఊరెళ్తూ రాత్రి బస్సులో ల్యాప్‌టాప్ తెరిచే మాటే లేదు. ఒంటరిగా కథ ఆడుకునేవాడికి కూడా ఈ నియమం ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. ఇంకా పెద్ద లోపం, కథ అయ్యాక మిగిలేదంతా చేసిందే మళ్ళీ మళ్ళీ చేస్తూ గుడ్లు పెట్టించడం, రంగు మారిన లూమాల కోసం ఒకే గడ్డిలో గంటలు తిరగడం. చుట్టూ అంతమంది ఉన్నా ఎవరి పని వాళ్ళదే. మా బడిలో అగ్గిపెట్టెలు తెరిచి చూపించుకున్న ఆ సంబరం కోసమే కదా ఇంతమందిని ఒకచోట చేర్చింది, దానికి మాత్రం గేమ్‌లో చోటు పెట్టలేదు.

సంఖ్యల పిచ్చి ఇంకో జబ్బు. నెక్సోమాన్ ఎక్స్‌టింక్షన్‌లో 381 మాన్‌స్టర్లు, సిరాలిమ్ అల్టిమేట్‌లో వెయ్యికి పైగా. సిరాలిమ్‌కి మినహాయింపు ఇస్తాను, అది మొదటినుంచీ ఒక్కో జీవికి ఒక్కో విచిత్రమైన గుణం ఇచ్చి వాటిని కలిపి లోకాన్ని తలకిందులు చేయమనే గేమ్, అక్కడ ప్రేమ గుణాల మీదే, జీవుల మీద కాదు, ఆ మాట అది దాచుకోదు. నెక్సోమాన్ అలా కాదు. మొదట తొమ్మిదింటిలో ఒకటి ఎంచుకోమంటుంది, వెంట తిరిగే కోకో అనే పిల్లి మాటలు సరదాగా ఉంటాయి, ఏ మాన్‌స్టర్‌కి ఏ తిండి ఇష్టమో తెలుసుకుని పెడితే పట్టుకోవడం తేలికవుతుంది. ఆ తిండి సంగతి నాకు బాగా నచ్చింది, నేను అడుగుతున్నది సరిగ్గా అలాంటివే. కానీ 381 ఉన్నప్పుడు ఎవరి తిండి ఎవరు గుర్తుపెట్టుకుంటారు? జాబితా చూసి నొక్కేస్తాం. ఒక్కో మాన్‌స్టర్‌కి బొమ్మ, కదలిక, దెబ్బల పట్టిక, మిగతావాటితో సరితూగుతుందో లేదో చూసే పని, ఇదంతా చిన్న టీమ్ నెలల తరబడి చేయాలి. జీవుల్ని సగానికి తగ్గించి, ఆ మిగిలిన శ్రమతో ఒక్కోదానికి ఒక బతుకు ఇచ్చి ఉంటే ఎంత బాగుండేదో.

ఈ మాట అంటే మా రూమ్మేట్ ఒప్పుకోడు. "నలభై మాన్‌స్టర్లే అంటే ఎవడు కొంటాడన్నా? స్టోర్ పేజీలో నంబర్ చూసే కదా జనం ఆగేది" అంటాడు. ఆ మాటలో నిజం లేకపోలేదు, ఈ చిన్న టీములు బతకాలి కూడా. దానికి నా జవాబు పాల్‌వరల్డ్. టోక్యోలోని పాకెట్‌పెయిర్ చేసిన ఆ గేమ్ 2024 జనవరి 19న వచ్చి దాదాపు నెల రోజుల్లోనే రెండున్నర కోట్ల మంది చేతుల్లోకి వెళ్ళింది. తుపాకులు పెట్టారు కాబట్టి ఆడారని చాలామంది తేల్చేశారు. నేను చూసినంతలో జనం వీడియోలు తీసి పంచుకున్నవి ఎక్కువగా తమ స్థావరంలో పాల్స్ (ఆ గేమ్‌లోని జీవులు) ఏం చేస్తున్నాయో: ఒకటి పొయ్యి రాజేస్తుంది, ఒకటి మొక్కలకి నీళ్ళు పోస్తుంది, ఒకటి పని మానేసి నిద్రపోతుంది. మనం చూస్తున్నా చూడకపోయినా అవి అక్కడ బతుకుతున్నట్టు ఉంటుంది. ఆ గేమ్‌లో నాకు నచ్చనివి చాలా ఉన్నాయి, కొన్ని బొమ్మలు పోకెమాన్‌కి మరీ దగ్గరగా ఉన్న మాట కూడా నిజమే. అయినా జీవి పెట్టెలో నిల్వ ఉండే సరుకు కాదన్న సంగతిని ఈ కోవలో అందరికంటే గట్టిగా పట్టుకున్నది అదే.

అదే ఏడాది సెప్టెంబర్‌లో నింటెండో, పోకెమాన్ కంపెనీ కలిసి పాకెట్‌పెయిర్ మీద టోక్యో కోర్టులో దావా వేశాయి, అదీ బొమ్మల గురించి కాదు, పేటెంట్ల (ఆడే పద్ధతుల మీద ఉన్న హక్కుల) గురించి. తర్వాత పాల్‌వరల్డ్‌లో జీవిని పిలిచే పద్ధతీ, జీవిని పట్టుకుని గాల్లో తేలే పద్ధతీ మార్చేశారు. కోట్లు సంపాదించిన కంపెనీకే ఇంత టెన్షన్ అయితే ఇద్దరు ముగ్గురు కూర్చుని చేసే టీమ్‌కి ఎలా ఉంటుందో ఊహించొచ్చు. బంతి విసిరి పట్టుకోవడం కాకుండా వేరే దారి వెతుక్కోవడానికి ఇదీ ఒక కారణం అవుతుంది, ఆ వెతుకులాట మంచిదే.

ఆ దారి దొరికినవాళ్ళు ఇప్పటికే ఉన్నారు. క్యాసెట్ బీస్ట్స్‌లో మనుషులే మాన్‌స్టర్లని క్యాసెట్‌లో రికార్డు చేసుకుని, వాటిలా మారిపోయి కొట్లాడతారు. లెవెల్ మనిషిది, క్యాసెట్‌ది కాదు, అందుకే ఏ క్యాసెట్ ఎప్పుడు మార్చినా నష్టం లేదు. అలా అయితే జీవి మీద అభిమానం ఎలా పుడుతుందని అడగొచ్చు, నిజంగానే పెద్దగా పుట్టదు. ట్రాఫిక్ కోన్‌ని గుల్లగా నెత్తినేసుకుని తిరిగే ట్రాఫిక్రాబ్ అనే ఎండ్రకాయ ఒక్కటి నాకు మరపురాదు, ఔటర్ రింగ్ రోడ్డు మీద రోజూ ఆ కోన్లు చూస్తాను కాబట్టి కావచ్చు. కానీ వీళ్ళు ఆ అభిమానాన్ని తెలిసే మనుషుల మీదికి మళ్ళించారు. కేలీ, యూజీన్, మెరెడిత్, వీళ్ళతో కలిసి తిరుగుతాం, మంట వేసుకుని కూర్చుని కబుర్లు చెప్పుకుంటాం, ఒక్కొక్కరికీ తీరని సంగతి ఒకటి ఉంటుంది, స్నేహం పెరిగినకొద్దీ ఫైట్‌లో వాళ్ళ సాయం కూడా గట్టిపడుతుంది. ఊరుకాని ఊళ్ళో చిక్కుకుపోయి ఇంటికి వెళ్ళే దారి వెతుక్కుంటున్న మనుషులు వాళ్ళంతా. ఆ కబుర్లు మా పీజీ టెర్రస్ మీద వినిపించే మాటలకి ఎంత దగ్గరో చెప్పలేను. మొత్తంగా ఒక్కటే గేమ్ ఆడమంటే నేను దీన్నే చెబుతాను.

బీస్టీబాల్ ఇంకా ముందుకెళ్ళింది. 2024 నవంబర్‌లో ఎర్లీ యాక్సెస్‌గా వచ్చింది, ఇందులో మాన్‌స్టర్లు కొట్టుకోవు, వాలీబాల్ ఆడతాయి. వాటిని బంతిలో బంధించడం ఉండదు, ఒక్కో రకం జీవికి నచ్చేలా ఏదో ఒకటి చేసి చూపిస్తేనే మన టీమ్‌లోకి వస్తుంది. పైగా టీమ్‌లోని జీవుల మధ్యే స్నేహాలు, పోటీలు పుడతాయి, అవి ఆట మీద ప్రభావం చూపిస్తాయి. అంటే ఇద్దరు జతగాళ్ళని విడదీసి ఒకణ్ణి బెంచీ మీద కూర్చోబెట్టాలంటే ఆలోచించాలి. మా మేనల్లుడి బుజ్జికి ఇలాంటి స్నేహితుడు ఒకడు ఉండి ఉంటే టీమ్‌లోంచి అంత తేలిగ్గా పోయేది కాదు.

మొదలుపెట్టాలనుకునేవాళ్ళకి రెండు మాటలు. ఫోన్ ఒక్కటే ఉంటే కోరోమాన్ గానీ నెక్సోమాన్ ఎక్స్‌టింక్షన్ గానీ, వైట్‌ఫీల్డ్ నుంచి మెజెస్టిక్ దాకా పర్పుల్ లైన్‌లో వెళ్తూ ఆడుకోవచ్చు, ఎంజీ రోడ్డు దాటాక సొరంగంలో సిగ్నల్ లేకపోయినా ఆగదు. పిల్లలకైతే కోరోమాన్ కష్టం తగ్గించి ఇవ్వండి, రంగుల సంగతి ముందే చెప్పొద్దు. ల్యాప్‌టాప్ ఉండి ఫైట్ లెక్కలు ఇష్టమైతే మాన్‌స్టర్ శాంక్చురీ, కథా మనుషులూ కావాలంటే క్యాసెట్ బీస్ట్స్. టెమ్‌టెమ్ ఒంటరిగా కొనొద్దు, పక్కన ఆడే మనిషి ఉంటేనే కొనండి, కథ అవగానే ఆపేయండి.